డాక్టరు గారికి డబ్బా చూపించండి



పోస్టు కాస్త పెద్దది. దాళ్వా నాట్లు అయిపోయాయి, ఇక మందు కొట్టే రోజులు కాబట్టి ఓపిగ్గా చదవండి. ఇందులో నా తప్పు ఒకటి ఉంది. ఇన్నాళ్లూ బయటికి చెప్పుకోలేదు.

2020 డిసెంబరు మొదటి వారంలో ఏలూరులో జరిగింది మీకు గుర్తుండే ఉంటుంది. వన్‌టౌన్ వైపు మనుషులు ఉన్నట్టుండి పడిపోవడం, ఫిట్స్, నోట్లో నురగ. 600 మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు. చాలామంది త్వరగానే తేరుకున్నారు, ఒకాయన చనిపోయారు. ఢిల్లీ ఎయిమ్స్ వాళ్లు రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయన్నారు. ఎయిమ్స్, నీరి నివేదికలు చూశాక, పురుగుమందుల అవశేషాలే ప్రధాన కారణం కావచ్చని ప్రభుత్వం చెప్పింది. అవి ఒంట్లోకి ఎలా చేరాయన్నది అప్పటికి తేలలేదు.

ఆ రోజుల్లో మా ఊరి టీ కొట్టు దగ్గర నీళ్ల వల్లనా, కూరగాయల వల్లనా అని ఒకటే చర్చ. ఆ మందుల్ని ఏటా వీపు మీద మోసేది మనమే కదా, మన ఒంటి సంగతేంటని ఒక్కళ్లం కూడా అనుకోలేదు. నాతో సహా.

తర్వాత రెండేళ్లకి, దాళ్వాలో, మార్చి నెల. ఆకుముడత, మొవ్వ పురుగు రెండూ ఉన్నాయని రెండు మందులు కలిపాను. కొట్టింది నాకు వరసకి తమ్ముడయ్యే మనిషి. పాత స్ప్రేయరు, మూత దగ్గర కారుతోంది. చొక్కా వీపంతా తడిసింది. మూడో ట్యాంకుకి గట్టు మీదకొచ్చి, "అన్నయ్యా, కళ్లు మసకేస్తున్నాయి" అన్నాడు. "ఎండకి లేరా, ఇంకో రెండు ట్యాంకులే" అన్నాను. ఆ మాట నాకు ఇప్పటికీ నిద్రలో వినిపిస్తుంది.

నాలుగో ట్యాంకు సగంలో కూలబడ్డాడు. ఒళ్లంతా చెమట, నోటి నుంచి చొంగ, తొడల మీద కండలు అదురుతున్నాయి. మేం చేసిందేంటంటే నీడకి మోసుకొచ్చి మజ్జిగ పట్టాం. తడి చొక్కా విప్పలేదు. అరగంట అలాగే పోయింది. ఆసుపత్రికి తీసుకెళ్తే పోలీసు కేసు అవుతుందని, మందు తాగాడనుకుంటారని ఎవరో అన్నారు. నేను డబ్బాలు పాకలో దాచేసి, డాక్టరు గారితో వడదెబ్బ అని చెప్పాను.

ఆయన టార్చి వేసి కళ్లు చూశారు. కంటిపాపలు గుండుసూది తలంత అయిపోయి ఉన్నాయి. "వడదెబ్బ తగిలితే కంటిపాప ఇలా ఉండదండి. ఏం మందు కొట్టారో చెప్పండి, ఆలస్యమైతే మనిషి దక్కడు" అన్నారు. అప్పుడు చెప్పాను.

తర్వాత ఆయన వివరంగా చెప్పింది మన భాషలో చెబుతాను. మడికి నీరు పెట్టాలంటే తూము తీస్తాం, సరిపోయాక మూసేస్తాం. ఒంట్లో నరం కండకి పని చెప్పేటప్పుడూ అంతే. నరం చివర ఒక రసాయనం వదులుతుంది, కండ కదులుతుంది, వెంటనే ఒక ఎంజైము వచ్చి ఆ రసాయనాన్ని తుడిచేస్తుంది. అంటే తూము మూసినట్టు. క్లోరిపైరిఫాస్, ప్రొఫెనోఫాస్, ఎసిఫేట్, మోనోక్రోటోఫాస్, ఇవన్నీ ఒకే జాతి మందులు. ఇవి ఆ ఎంజైముని కట్టిపడేస్తాయి. తూము తీసింది తీసినట్టే ఉండిపోతుంది. పురుగు చచ్చేదీ అలాగే, మనిషి పడేదీ అలాగే.

ఇక ఒక్కో అవయవం మునుగుతుంది. కంటిపాప ముడుచుకుని చూపు మసకేస్తుంది. చొంగ, చెమట ఆగవు. కడుపులో మెలిపెట్టి వాంతులు, విరేచనాలు అవుతాయి. గుండె నెమ్మదించవచ్చు. ఊపిరితిత్తుల్లో కఫం నిండుతుంది. కండలు అదిరి అదిరి చివరికి చచ్చుబడతాయి, ఊపిరి తీయించే కండలు కూడా. మెదడుకెక్కితే ఫిట్స్. ఎక్కువగా ప్రాణం పోయేది ఊపిరి అందకే.

దీనికి విరుగుడు ఉంది. అట్రోపిన్ ఇంజెక్షను కఫాన్ని ఆరబెడుతుంది, గుండెని నిలబెడుతుంది. ఆ ఎంజైముని విడిపించడానికి ఇంకో మందు ఇస్తారు, కానీ అది త్వరగా పడాలి. పట్టేసిన షట్టరు తుప్పు పట్టకముందైతే కదులుతుంది గానీ తర్వాత కదలదు కదా, అలా. నేను మజ్జిగతో, అబద్ధంతో పోగొట్టింది ఆ టైమే.

రెండో రోజుకి లేచి కూర్చున్నాడు. ఇంటికి తీసుకెళ్లిపోతామన్నాం, డాక్టరు గారు ఒప్పుకోలేదు. ఆ రాత్రికి మెడ ఎత్తలేకపోయాడు, ఊపిరి తగ్గింది, వెంటిలేటరు పెట్టారు. ఈ జాతి మందులకి ఒకటి నుంచి నాలుగు రోజుల మధ్య ఇలా రెండో దెబ్బ ఉంటుందట. ఇంటికి తెచ్చుకుని ఉంటే ఆ రాత్రే పోయేవాడు. పదకొండో రోజున నడిచి ఇంటికొచ్చాడు.

డబ్బా ఎందుకు చూపించాలంటే, అన్ని మందులకీ విరుగుడు ఒకటి కాదు. గడ్డిమందు పారాక్వాట్ కడుపులోకి పోతే అసలు విరుగుడే లేదు. కిడ్నీలు, కాలేయం, తర్వాత ఊపిరితిత్తులు పాడవుతాయి. పేరు తెలియకపోతే డాక్టరు గారు చీకట్లో వెతుక్కోవాలి. అందుకే నేనిప్పుడు మందు కలిపే ముందే డబ్బా లేబులు ఫోనులో ఫోటో తీసి ఇంట్లోవాళ్లకి పంపుతున్నాను. డబ్బా మీద ముక్కోణం రంగు కూడా చూడండి. ఎరుపు అన్నిటికంటే ప్రమాదం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. ఫోరేట్ గుళికలు, ట్రయాజోఫాస్ అయితే 2020 డిసెంబరు 31 నుంచి దేశంలోనే నిషేధం. పాకలో పాతవి మిగిలి ఉంటే వాడకండి.

మనిషి పడితే ముందు తడిబట్టలు విప్పి, సబ్బుతో ఒళ్లు కడగండి. చేసేవాళ్లు చేతులకి గ్లౌజులో, కవర్లో తొడుక్కోండి. పక్కకి తిప్పి పడుకోబెట్టండి. నోట్లో ఏమీ పోయొద్దు, వాంతి చేయించొద్దు. 108కి ఫోన్ చేసి డబ్బా వెంట తీసుకెళ్లండి. కేసు రాసుకుంటే రాసుకోనివ్వండి, చేలో కొడుతూ పడ్డాడన్న నిజమే కదా మనం చెప్పేది.

మందు లోపలికి వెళ్లేది నోటి నుంచే అనుకోకండి. చర్మమే పెద్ద దారి. ముంజేతి కంటే గజ్జల్లో చర్మం ఎన్నో రెట్లు ఎక్కువ పీలుస్తుంది. కారే స్ప్రేయరు నడుం మీద నుంచి లుంగీలోకి దిగితే ఏమవుతుందో ఆలోచించుకోండి. ఇంకొకటి, స్ప్రేయరు బోదెలో కడగొద్దు. ఆ నీళ్లు మురుగు కాలవలో పడి కొల్లేటికే పోతాయి. చేపకీ, పిట్టకీ కూడా నరాల్లో అదే ఎంజైము.

మా తమ్ముడు బాగానే ఉన్నాడు. ఈ రోజుకీ నన్ను ఒక్క మాట అనలేదు. కొత్త స్ప్రేయరు కొన్నాను, గ్లౌజులు, పొడుగు చొక్కా లేకుండా ఎవరినీ చేలోకి దింపడం లేదు. మీ గట్టు మీద ఎవరైనా "కళ్లు మసకేస్తున్నాయి" అంటే, "ఎండకి లేరా" అనకండి. ట్యాంకు దింపించండి.