కొట్టు మనది, సరకెవరిది?

సోదరీమణులారా,

మా యింట జరిగిన యొక సంగతిని మీతో చెప్పుకొనవలెనని చాలకాలమునుండి యనుకొనుచున్నాను. చెప్పుటకు సిగ్గుగా నున్నను, చెప్పకుండుట మరింత తప్పని తోచి నేడు కలము పట్టితిని.

మాది పాలకొల్లు. క్షీరారామలింగేశ్వరస్వామివారి గోపురము నీడను బ్రతుకు నూరు గనుక భక్తి యెంత గలదో, సినిమాలపై మక్కువయు నంతయే కలదు. దాసరి నారాయణరావుగారును, అల్లు రామలింగయ్యగారును పుట్టిన యూరిది. చిత్రపరిశ్రమలోనివారు మాకు పరాయివారుగా తోచరు. అట్టి యూర నుండియు వారి కష్టమును దొంగిలించిన పాపములో నాకును పాలు కలదు. ముందుగా దాని నొప్పుకొనుచున్నాను.

2013 సెప్టెంబరులో ‘అత్తారింటికి దారేది’ యను చిత్రము విడుదల కాకమునుపే, అందు సుమారు గంటన్నర భాగము ఇంటర్నెట్టులో బయటపడెను. కృష్ణాజిల్లా పెడనలో డిస్కులు చేతులు మారినవని పోలీసులు కనుగొని కొందరిని అరెస్టు చేసిరి. నిర్మాత విడుదల తేదిని ముందునకు జరిపి సెప్టెంబరు 27వ తేదిన చిత్రమును ప్రదర్శింపజేసెను. ఆ దర్శకుడు మా పొరుగున నున్న భీమవరమువాడే. అయినను ఆ తునక మా వీధికి చేరినప్పుడు ఏడెనిమిదిమందిమి మా వసారాలో కూర్చుండి చూచితిమి. అందరికిని కాఫీలు కలిపి యిచ్చినది నేనే. “అందరును చూచుచున్నారు గదా, మన యొక్కరివలన నేమి?” యని నవ్వినదియు నేనే. ఆ నవ్వు ఆరేండ్లకు నాకే తిరిగి వచ్చినది.

మా పెద్దబ్బాయి చదువు ముగించి యుద్యోగమునకై చూచుచున్న దినములలో, 2018లో, ఇద్దరు స్నేహితులతో కలిసి చిన్న వెబ్‌సైటు నొకదానిని పెట్టెను. ఎవరైనను తమ ఫైలును అందులో నుంచవచ్చును. లింకు తీసికొని మరియొకరికి పంపవచ్చును. ఆ లింకు గలవా రెవరైనను దానిని దింపుకొనవచ్చును. పెండ్లి వీడియోలు, పాటలు, విద్యార్థుల నోట్సులు అందులో చేరుచుండెను. ప్రకటనలవలన నాలుగు రూపాయలు వచ్చుచుండెను. కొలదినాళ్లకు ‘కొత్త సినిమాలు’ అను శీర్షిక యొకటి దానిలో వెలసెను. ఆ శీర్షిక నెవరు వ్రాసిరని నే నడుగలేదు. “అబ్బాయీ, మొన్న వచ్చిన బొమ్మ యందులో చేరినదా?” యని మాత్రము శనివారము శనివారము అడుగుచుంటిని.

2019 చివర, సంక్రాంతి పనులు మొదలైన దినములలో, ఒక సాయంకాలము మా రెండిండ్ల కావలి యిల్లాలు కొంగు నోటికడ్డము పెట్టుకొని వచ్చెను. ఆమె కూతురు నన్ను పెద్దమ్మా యని పిలుచు పిల్ల, కాలేజీలో చదువుకొనుచుండెను. ఆ పిల్ల ఓణీల వేడుకలో తీసిన ఫోటోలనుండి ముఖమును తీసికొని, వేరొకరి శరీరమునకు అతికించి, ఎవడో దుర్మార్గుడు మావాని వెబ్‌సైటులో నుంచినాడట. లింకు కాలేజీ యంతయు తిరుగుచున్నదట. “అక్కయ్యగారూ, అబ్బాయితో చెప్పి తీయించరూ?” యని ఆమె నా చేయి పట్టుకొనెను.

మావానిని పిలిచితిని. వాడు తెల్లబోయి, “అమ్మా, అది నేను పెట్టినది కాదు. రోజునకు వందలకొలది ఫైళ్లు వచ్చును. అన్నింటిని విప్పి చూడగలనా? ఇప్పుడు నేను తీసినచో, తప్పు నాదే యని యొప్పుకొన్నట్లగును. స్నేహితులతో ఆలోచించి చెప్పెదను” అనెను. తల్లిమనసు గదా! పోలీసులు, పేరు, వాని యుద్యోగము, ఇవియే నా కన్నుల ముందు మెదలినవి. ఆ తల్లితో, “రేపు చూతము, వదినా” యని చెప్పి పంపివేసితిని. ఆమె మారు మాటాడక వెడలిపోయెను.

ఆ రాత్రి నాకు నిదుర రాలేదు. మా మామగారు జ్ఞప్తికి వచ్చిరి. కాలువగట్టున వారికి పెద్ద కొట్టొకటి యుండెడిది. వర్తకులు ఎండుకొబ్బరి బస్తాలు అందులో నుంచుకొని నెలకింత యద్దె యిచ్చెడివారు. నేను కాపురమునకు వచ్చిన క్రొత్తలో ఒక వర్తకుడు వచ్చి, తన దగ్గర దొంగిలింపబడిన బస్తాలు ఆ కొట్టులో నున్నవని చెప్పి, గోనెలపై తన గుర్తును చూపెను. బస్తాలు దాచుకొన్నవాడు ఊరిలో లేడు. “వాడు వచ్చువరకు ఆగుడు, మీరు దొంగిలింపలేదు గదా” యని గుమాస్తా సలహా చెప్పెను. అందుకు మామగారు, “నిన్నటివరకు నాకు దెలియదు, పాపము వానిది. నేడు తెలిసినది. ఇక ఈ బస్తాలు నా తాళముక్రింద నొక్క రాత్రి యున్నను దొంగను నేనే” యని తాళపుచెవి తీసి యిచ్చివేసిరి.

తెల్లవారుజామున మూడుగంటలకు లేచి మావానిని తట్టి లేపి యీ కథ చెప్పితిని. “నాయనా, సాయంకాలము వరకు నీవు నిర్దోషివి. ఆమె గడప దిగినప్పటినుండి కావు. ‘రేపు’ అన్నదానను గనుక నేనును కాను” అంటిని. వాడు మాటాడక యంత్రము తెరచి ఆ ఫైలును తీసివేసెను. ఆ యొక్క రాత్రిలోనే అది రెండువందల పైచిలుకు మార్లు దింపుకొనబడినట్లు అందులో లెక్క కనబడెను. తెల్లవారినతరువాత దాని నకళ్లు వేరు వెబ్‌సైటులలో కనబడినవి. సాయంకాలమే తీసియుండినచో అన్నియు నాగెడివని చెప్పజాలను, కొన్నియైనను ఆగెడివి. నాకు చెందిన తప్పు ఆ కొన్నియే. పెట్టినవా డెవడో తేలనేలేదు.

పిమ్మట చట్ట మేమి చెప్పుచున్నదో తెలిసికొన యత్నించితిని. 2004లో బాజీ.కామ్ అను వెబ్‌సైటులో ఒక విద్యార్థి అసభ్యమైన దృశ్యఖండమును అమ్మకమునకు పెట్టగా, ఢిల్లీ పోలీసులు ఆ సంస్థ ముఖ్యాధికారినే అరెస్టు చేసిరి. పెట్టినవాడొకడు, పట్టుబడినవాడు మరియొకడా యని దేశమున గొప్ప చర్చ జరిగెను. తరువాత సమాచార సాంకేతిక చట్టములోని 79వ సెక్షను 2008లో సవరింపబడెను. దాని సారము మామగారి మాటయే: ఇతరులు పెట్టినదానికి చోటిచ్చిన వాడు బాధ్యుడు కాడు, కాని వాడు తగిన జాగ్రత్త వహింపవలెను, అక్రమమని నిజముగా తెలిసినపిమ్మట వెంటనే తొలగింపకున్నచో ఆ రక్షణ పోవును. తెలియుట యనగా కోర్టు ఉత్తరువుగాని ప్రభుత్వపు తాఖీదుగాని యందుటయని 2015లో సుప్రీంకోర్టు శ్రేయా సింఘాల్ వ్యాజ్యములో అర్థము చెప్పెను. పాటలు, సినిమాల హక్కుదారు ఫలానా ఫైలు నాదని విడమరచి వ్రాసినచో అదియు చాలునని 2016లో ఢిల్లీ హైకోర్టు మైస్పేస్ వ్యాజ్యములో తీర్పు చెప్పెను. అట్టి ఫిర్యాదు వచ్చిన 36 గంటలలో ఆ ఫైలు నందకుండ జేయవలెనని 2013 నాటి కాపీరైటు నిబంధనలు చెప్పుచున్నవి. ఆడపిల్లల మానమునకు సంబంధించిన బొమ్మలకు, అతికించినవానికి గూడ, బాధితురాలే స్వయముగా వ్రాయవచ్చునని 2021లో వచ్చిన నిబంధనలు 24 గంటల గడువు పెట్టినవి. మా పొరుగుపిల్లకు 2019లో ఆ గడువును లేదు, ఆ దారియు తెలియదు. మా గడపయే దిక్కయినది.

ఇది చదివి, చట్టము మావానిని రక్షించునని కొంత యూరట పొందబోయితిని. అంతలో ‘కొత్త సినిమాలు’ అను శీర్షిక జ్ఞప్తికి వచ్చెను. బస్తాలో నేమున్నదో ఎరుగని కొట్టువాడు వేరు. ‘ఇచ్చట దొంగసరకు దొరకును’ అని పలక కట్టినవాడు వేరు. పరుల హక్కును హరింపుడని ప్రోత్సహించుచు సాధనమును పంచినవాడు దాని ఫలితమునకు బాధ్యుడే యని 2005లో అమెరికా సుప్రీంకోర్టు గ్రాక్‌స్టర్ వ్యాజ్యములో ఏకగ్రీవముగా తీర్పు చెప్పెను. స్వీడను దేశమున పైరేట్ బే నడిపినవారికి 2009లో శిక్ష పడెను. “నేను పెట్టలేదు” అను మాట వారిని కాపాడలేదు. మావాడు పలక కట్టెను. దాని క్రింద మొదటి బేరము నాది.

ఆ నెలలోనే వాడు వెబ్‌సైటును మూసివేసెను. కొన్నాళ్లు నాతో సరిగా మాటాడలేదు. ఇప్పుడు హైదరాబాదులో ఉద్యోగము చేసికొనుచున్నాడు. సినిమా దొంగతనమునకు మూడునెలలకు తక్కువ కాకుండ మూడేండ్లవరకు ఖైదును, మూడులక్షలకు తగ్గని జుల్మానాయు విధించుచు 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టము సవరింపబడినప్పుడును, 2025 నవంబరులో ఐబొమ్మను నడిపినాడను అభియోగముపై హైదరాబాదు పోలీసులు ఒకనిని అరెస్టు చేసినప్పుడును, వాడు ఫోను చేసి, “చూచితివా, అమ్మా?” యని మాత్ర మనెను. నేరము తేల్చవలసినది న్యాయస్థానము. కాని పత్రికలో ఆ వార్త చదువుచున్నంతసేపు, ఆ యువకుని తల్లియు శనివారము శనివారము నావలెనే అడిగెడిదేమో యని నా మనసు కొట్టుకొనెను.

సోదరీమణులారా, మన చేతిలోని ఫోనును ఒక చిన్న కొట్టే. ఎవరో పంపినది అందులో చేరును. చేరుట మన తప్పు కాదు. చూచి, తెలిసియు, మరియొకరికి పంపుట మన తప్పు. మీ పిల్లలు “అందరును పెట్టుచున్నారు, నాదేమున్నది?” యనినచో ఈ కొట్టు కథ చెప్పుడు. పొరుగు పిల్లకు ఇట్టి యాపద వచ్చినచో “రేపు” అనకుడు. ఆ లింకును, తేదిని వ్రాసియుంచి, ఆ వెబ్‌సైటు ఫిర్యాదుల అధికారికి వెంటనే వ్రాయుడు. జాతీయ సైబర్ నేరముల పోర్టలులో స్త్రీలు పేరు చెప్పకయే ఫిర్యాదు చేయవచ్చును. 1930 నంబరునకు ఫోనుగూడ చేయవచ్చును.

ఆ పిల్ల చదువు ముగించి యిప్పుడు పరయూర పని చేయుచున్నది. వాళ్లమ్మ నాతో మాటలాడుచునే యున్నది. మొన్న అట్లతద్దికి వాయనమును పుచ్చుకొన్నది. పిల్ల మాత్రము పండుగకు వచ్చినప్పుడెల్ల మా యింటి ముందునుండియే పోవును గాని పెద్దమ్మా యని పిలువదు. పిలువుమని యడుగుటకు నాకు నోరు రాదు.

ఇట్లు,
పాలకొల్లు సోదరి