ముందు నీటిదారి, పిదప తారు

ఇబ్రహీంపట్నంలోని మా వాకిలికి తారు వేయించాలని పిల్లల కోరిక. వానాకాలపు బురద చూస్తే అది న్యాయమే. అయితే మా నల్లరేగడి స్వభావం వేరు: వానకు ఉబ్బుతుంది, ఎండకు నెఱ్ఱెలు బారుతుంది. దానిపై నేరుగా తారు పోస్తే అదీ పగులుతుంది. కనుక ముందు ఆ మట్టి తీయించి, గ్రావెలు పోసి, తడిపి, దిమ్మిస కొట్టించి, కంకర పరవాలి.

అంతకన్న ముఖ్యం వాటం. మీటరుకు రెండు సెంటీమీటర్లు చాలు. కాని ఏ దిక్కుకు? మా పల్లపు వైపున ఉన్నది పొరుగువారి గడప. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగర్ వంటి పేటలు మునిగినప్పుడు, దారి లేని నీరు ఏమి చేస్తుందో చూశాం. మన వాకిలి మెరక చేసుకొని పొరుగింటిని చెరువు చేయడం ధర్మం కాదు. అందుకే మేస్త్రితో చెప్పాను: ముందు వీధి కాలువ దాకా నీటిదారి, పిదపనే తారు. తులసికోట చుట్టూ మాత్రం మూరెడు నేల మట్టిగానే ఉండనీ!