బేగంపేట నుంచి రంగాపూర్ దాకా

బేగంపేట, హైదరాబాద్

చిరంజీవి చెల్లికి,

నేడు సెంటర్ ఫర్ ఎకనామిక్ అండ్ సోషల్ స్టడీస్ నడుస్తున్న ఈ ఆవరణ ఒకప్పటి నిజామియా వేధశాల. ఖగోళశాస్త్రంపై మక్కువగల నవాబ్ జఫర్ జంగ్ 1901లో 15 అంగుళాల గ్రబ్ టెలిస్కోపును సంపాదించి ఫిసల్‌బండలో దీనికి పునాది వేయగా, ఆయన మరణానంతరం 1908లో నిజాం ప్రభుత్వం బాధ్యత తీసుకుంది. తొలి డైరెక్టర్ చాట్‌వుడ్ హయాంలో బేగంపేటకు తరలిన ఈ సంస్థ 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయం కిందికి వచ్చింది.

వేధశాలకు పేరు తెచ్చినది మాత్రం ఆకాశాన్ని ఫొటో తీసే 8 అంగుళాల కుక్ ఆస్ట్రోగ్రాఫ్. 1887లో పారిస్ సమావేశం తలపెట్టిన నక్షత్ర పట్టికకోసం ఆకాశాన్ని భూగోళంపై అక్షాంశాల మాదిరిగా పట్టీలు చేసి వివిధ దేశాలకు పంచారు; చిలీలోని శాంటియాగోకు కేటాయించిన దక్షిణ 17 నుంచి 23 డిగ్రీల పట్టీని హైదరాబాద్ చేపట్టి, ఆపై జర్మనీలోని పోట్స్‌డామ్ వాటాలో ఉత్తర 36 నుంచి 39 డిగ్రీల భాగాన్నీ తలకెత్తుకుంది. నక్షత్రాలతోపాటు సన్నని గళ్లగీతలు కూడా పడిన గాజు పలకలో ఒక మిల్లీమీటరు ఆకాశంలో ఒక కళకు, అంటే డిగ్రీలో 60వ వంతుకు సమానం. ఆ పలకను సూక్ష్మదర్శిని కింద పెట్టి, ఒక్కొక్క చుక్క పక్కగీతకు ఎంత ఎడంగా ఉందో కొలిచి రాసేవారు. చాట్‌వుడ్ తర్వాత డైరెక్టరైన పోకాక్, ఆయన తర్వాత 1918 నుంచి 1944 వరకు భాస్కరన్ సారథ్యంలో సాగిన ఈ శ్రమ వల్ల ఏడు లక్షలకు పైగా నక్షత్ర స్థానాలు పట్టికలకెక్కాయి. ఇక్కడ సహాయకుడిగా పనిచేసిన ఉద్యోగి కుమారుడే, తర్వాతి కాలంలో కావలూరు వేధశాలను నెలకొల్పిన వేణు బప్పు.

తదుపరి మజిలీ జపాల్-రంగాపూర్.

జపాల్-రంగాపూర్, రంగారెడ్డి జిల్లా

చిరంజీవి చెల్లికి,

ఊరి దీపాల వెలుగు మసక చుక్కలను మింగేస్తుంది కనుక, నగరానికి దూరంగా ఉన్న ఈ గుట్టపై 1960ల చివర నిజామియా వేధశాల వారి 48 అంగుళాల టెలిస్కోపు వెలిసింది. గ్రబ్ టెలిస్కోపు కటకంతో కాంతిని వంచి కేంద్రీకరిస్తే, ఇది పుటాకార దర్పణంతో ఆ పని చేస్తుంది. ఒకదానినొకటి కప్పుకుంటూ కాంతి తగ్గి పెరిగే జంట నక్షత్రాలను ఇక్కడ విశేషంగా పరిశీలించారు. 1980 ఫిబ్రవరి 16 నాటి సంపూర్ణ సూర్యగ్రహణం కూడా ఈ గుట్టమీదుగానే సాగింది.

పెద్ద టెలిస్కోపే పెద్ద ఫలితమిస్తుందన్న అభిప్రాయాన్ని నిజామియా వేధశాల చరిత్ర సమర్థించదు. 2000లో వెలువడిన టైకో-2 నక్షత్ర పట్టికకోసం నక్షత్రాల కదలికలను లెక్కకట్టినప్పుడు, హైదరాబాద్‌తో సహా నాటి వేధశాలలు గాజు పలకలపై చేసిన కొలతలు పాత స్థానాలకు ప్రధాన ఆధారమయ్యాయి. బేగంపేటలో చిన్న పరికరంతో చేసిన పనే అతి దీర్ఘకాలం అక్కరకొచ్చింది.

ఆశీస్సులతో,
అన్నయ్య