ఫోనుకో పీట

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. అరవై ఏళ్ళ కారులో సెల్‌ఫోను నిలబెట్టి చూడు అని కూడా అని ఉండేవారే. కానీ పాపం, వాళ్ళ కాలంలో ఫోను పోస్టాఫీసులో ఉండేది, కారు కామందుగారి కొట్టంలో ఉండేది. రెంటికీ చుట్టరికం కలపవలసిన అవసరం రాలేదు. ఆ యోగం నాకు పట్టింది.

నా కారు 1964 నాటి స్టాండర్డ్ హెరాల్డ్. మీగడ రంగు, రెండే తలుపులు. వెనక సీట్లో కూర్చునేవాళ్ళు ముందు సీటు మడిచి, నడుం వంచి, పాలకొట్లో దూరినట్టు దూరాలి. ఇంగ్లండులో ట్రయంఫ్ వారు 1959లో తెచ్చిన బండి ఇది. దీనికి రూపం దిద్దినవాడు మిచెలోట్టి అనే ఇటలీ దేశస్థుడు. 1961 నుంచి మద్రాసులో స్టాండర్డ్ కంపెనీవారు మన కోసం తయారుచేశారు. దీని మూతి మొత్తం, మడ్‌గార్డులతో దీపాలతో సహా, ఒకే ముక్కగా ముందుకు వాలి లేస్తుంది. మెకానిక్కు ముందు టైరు మీద అరుగు మీద కూర్చున్నట్టు కూర్చుని ఇంజను చూసుకోవచ్చు. ఇరవై అయిదు అడుగుల జాగా ఉంటే చాలు, గిర్రున తిరుగుతుంది. ఈ చట్రాన్నే కురచ చేసి 1962లో అదే కంపెనీ స్పిట్‌ఫైర్ అనే స్పోర్ట్సు కారు చేసింది. కాబట్టి నాది స్పోర్ట్సు కారుకు సాక్షాత్తూ అన్నగారు. ఈ సంగతి ఎవరికి చెప్పినా, “అన్నగారు కదా, అందుకే పెద్దరికంగా నడుస్తోంది” అంటారు.

ఇది నాన్నది. ఆయన చిలకలూరిపేటలో పత్తి వ్యాపారం చేసేవారు. పర్చూరు, ఇంకొల్లు, మార్టూరు, అద్దంకి - ఆ నల్లరేగడి ఊళ్ళన్నీ ఈ కారులో తిరిగారు. నాన్నకో అలవాటుండేది. ప్రతి అడ్డదారి దగ్గరా కారు ఆపి, “ఏవయ్యా, ఈ దారి ఎక్కడికి పోతుంది?” అని అడిగేవారు. వందసార్లు వెళ్ళిన దారినే నూట ఒకటోసారి అడిగేవారు. వెనక సీట్లో ఇరుక్కుని కూర్చున్న నాకూ అక్కయ్యకూ తల కొట్టేసినట్టుండేది. ఊళ్ళో పిల్లలు “దారి తెలియని కారాయన వచ్చాడు” అని వెంటపడేవారు.

ఇప్పుడు నేను బ్యాంకు ఉద్యోగం విరమించి గుంటూరు బ్రాడీపేటలో ఉంటున్నాను. అక్కయ్య పర్చూరు అవతల ఓ పల్లెలో ఒంటరిగా ఉంటుంది. ఆ ఊరు మా చిన్నప్పుడు గుంటూరు జిల్లా. 1970లో ఒంగోలు జిల్లాలోకి వెళ్ళి, 1972లో ప్రకాశం జిల్లా అయింది. 2022 నుంచి బాపట్ల జిల్లా. అక్కయ్య మాత్రం గడప దాటకుండానే ఇన్ని జిల్లాలు తిరిగింది. నెలకు రెండుసార్లు ఆవిడను చూడడానికి వెళతాను. దారిలో ఆవిడ నాలుగుసార్లు ఫోన్ చేస్తుంది. ఎత్తకపోతే కంగారు పడుతుంది. ఎత్తితే నాకు కంగారు.

ఆ కంగారు ఎంతవరకు వచ్చిందో చెబుతాను, మా ఆవిడకు చెప్పకండి. మొన్న మాఘమాసంలో హైవే మీద పోతూంటే ఒళ్ళో ఉన్న ఫోను మోగి, జారి, క్లచ్చి కింద పడింది. వంగి తీయబోయాను. రెండు క్షణాలు, అంతే. తల ఎత్తేసరికి ఎదురుగా మిరపకాయ టిక్కీల లారీ వెనక భాగం, దాని మీద “దూరం పాటించుము” అన్న అక్షరాలు కొట్టొచ్చినట్టు కనిపించాయి. బ్రేకు మీద నిలబడ్డాను. హెరాల్డు కీచుమంటూ ఓ పక్కకు తిరిగి ఆగింది. లారీవాడికి సంగతే తెలియదు, వెళ్ళిపోయాడు. నేను పది నిమిషాలు స్టీరింగు పట్టుకుని కూర్చున్నాను. చేతుల వణుకు తగ్గలేదు.

ఇంటికొచ్చాక “కారులో ఫోను పెట్టుకోవడానికి ఓ స్టాండు కొనాలే” అన్నాను మామూలుగా. మా ఆవిడ నా మొహంకేసి ఒక్క నిమిషం చూసింది. ముప్పయి ఎనిమిదేళ్ళ కాపురం. “కొను. స్టాండు కుదిరితే కారు తియ్యి, కుదరకపోతే అమ్మెయ్యి” అంది. హైదరాబాదు నుంచి మా అబ్బాయి ఫోనులోనే వంత పాడాడు: “కదా నాన్నా? ఎన్నాళ్ళని ఆ డబ్బా!”

నాన్న కారు ఉండడమా ఊడడమా అన్నది ఓ ప్లాస్టిక్ ముక్క మీద ఆధారపడింది.

నాజ్ సెంటరు దగ్గర సెల్‌ఫోను సరంజామా అమ్మే కొట్టుకు వెళ్ళాను. కుర్రవాడు మొదట ఓ కొక్కెం లాంటిది చూపించి, “ఏసీ జాలీకి తగిలించుకోండి అంకుల్” అన్నాడు.

“జాలీ లేదు. ఏసీ లేదు.”

“మరి కప్పు పెట్టుకునే గుంట ఉంటుందిగా, అందులో దిగేది ఉంది.”

ఆ గుంటా లేదు. నాన్న రోజుల్లో టీ తాగాలంటే కారు ఆపి, దిగి, బల్ల మీద కూర్చుని తాగేవారు. కారులో తాగడమేమిటి, అదేమన్నా మందా?

కుర్రవాడు నా వంక జాలిగా చూసి, అద్దానికి అతుక్కునే రబ్బరు బొడిపె ఇచ్చాడు. రెండు రోజులు బ్రహ్మాండంగా ఉంది. మూడోనాడు మధ్యాహ్నం శంకర్ విలాస్ సెంటర్లో ఎండలో కారు నిలిపి పనిచూసుకుని వచ్చేసరికి బొడిపె మెత్తబడి సీటులో పడుకుని ఉంది. మన ఎండ సంగతి దానికెవరు చెప్పారు? తరవాత అయస్కాంతం తెచ్చాను. అది ఫోనును ప్రాణంలా పట్టుకుంది, కానీ దాన్ని డాష్‌బోర్డుకు అంటించిన జిగురు మాత్రం బెల్లం పాకంలా జారింది. అయస్కాంతమూ ఫోనూ విడిపోని దంపతుల్లా కలిసే కింద పడ్డాయి. మూడోది పొడుగు మెడది, పాములా వంగేది. బండి కదిలితే అదీ తల ఊపడం మొదలెట్టేది. పటంలో పర్చూరు ఒకచోట నిలబడితే ఒట్టు. పైగా మా మేనల్లుడు భయపెట్టాడు: ఇంజను అదురు ఎక్కువగా తగిలితే ఫోను కెమెరా పాడవుతుందని 2021లో యాపిల్ కంపెనీవారే హెచ్చరించారట. “అది మోటారు సైకిళ్ళ మాట కదరా” అన్నాను. “మీ కారు అదురు చూస్తే వాళ్ళు మరో హెచ్చరిక రాస్తారు మామయ్యా” అన్నాడు.

చార్జరుదీ ఓ కథే. ఆ కాలపు ఇంగ్లీషు బళ్ళలో చాలావాటికి బ్యాటరీ పాజిటివ్ తీగను బండి ఇనుముకు కలిపేవారు. ఇప్పటి చార్జర్లు అందుకు తలకిందులుగా, నెగెటివ్ కలిసే బళ్ళ కోసం చేసినవి. తెలియక తగిలిస్తే కాలిపోతాయి. ఒకటి కాలాకే నాకీ విజ్ఞానం అబ్బింది.

చివరికి మా మెకానిక్ సాయిబుగారి దగ్గరకే వెళ్ళాను. ఈ కారును నాన్న హయాం నుంచీ ఎరిగిన మనిషి. డాష్‌బోర్డుకు రెండు బెజ్జాలు వేసి స్క్రూ బిగిస్తే సరిపోతుంది కదా అన్నాను. ఆయన చెయ్యి నా భుజం మీద వేశారు. “బెజ్జం వెయ్యొద్దు బాబూ. వేసింది మళ్ళీ పూడదు. ఉన్న బెజ్జమే చూద్దాం” అని, డాష్‌బోర్డు మీది యాష్‌ట్రే పట్టుకుని పైకి లాగారు. రాలేదు. నూనె చుక్క వేసి, ఆగి, మళ్ళీ లాగారు. ఈసారి ఊడి వచ్చింది. ఆ గుంటలో సరిగ్గా దిగేలా చెక్కముక్క చెక్కి, దానికో బోల్టు, బోల్టు మీద గట్టి క్లిప్పు, కింద సైకిలు ట్యూబు ముక్క మెత్తగా పెట్టారు. ఫోను కూర్చుంది. గుద్దినా కదల్లేదు. అన్ని కొట్లు తిరిగినా దొరకని స్టాండు నా కారులోనే అరవై ఏళ్ళుగా ఉంది! చార్జరు గొడవ లేకుండా పవర్ బ్యాంకు పక్కన పడేసుకోమన్నారు.

“బాబూ, ఇందులో బూడిద లేదే” అన్నారాయన యాష్‌ట్రే నా చేతిలో పెడుతూ.

నాన్న సిగరెట్లు బాగా కాల్చేవారు. కానీ అందులో బూడిద నలుసు కూడా లేదు. ఉన్నది చిటికెడు దూది. నల్లబారి, ఉండ కట్టి, అడుక్కి అంటుకుపోయి ఉంది. ఏమిటో అర్థం కాలేదు. జేబు రుమాలులో మూటగట్టి యాష్‌ట్రేతో పాటు వెంట పెట్టుకున్నాను.

ఏప్రిల్లో అక్కయ్య ఊరికి బయలుదేరాను. ఫోను పీట మీద రాజాలా కూర్చుంది. పొద్దున్నే అక్కయ్య పలకరించింది. “బాగానే ఉన్నానురా, నిదానంగా రా” అంది. చిలకలూరిపేట దాటాక పటం ఓ దగ్గర దారి చూపించింది. పోయాను. తారు పోయి కంకర వచ్చింది, కంకర పోయి డొంక వచ్చింది. ఇటు నల్లరేగడి బీళ్ళు, అటు కల్లాల్లో ఆరబోసిన మిరపకాయలు, కనుచూపుమేర ఎర్రటి తివాసీ. ఘాటుకు తుమ్ములు. అంతలో ఫోను తెర మీద ఏదో హెచ్చరిక వచ్చి నల్లబడిపోయింది. చెయ్యి పెడితే పెనంలా కాలింది. బయటి వేడి ముప్పయి అయిదు డిగ్రీలు దాటితే ఫోను వాడకండని దాన్ని చేసినవారే రాస్తారు. మా గుంటూరు ఏప్రిల్‌కు ముప్పయి అయిదంటే తెల్లవారుజాము.

కారు ఆపాను. కల్లంలో తాలుకాయలు ఏరుతున్న ముసలామె చెయ్యి నుదుటికి అడ్డం పెట్టి చూసింది.

“అమ్మా, ఈ దారి ఎక్కడికి పోతుంది?” అన్నాను. అన్నాక గాని తెలియలేదు, అది నాన్న మాట.

“యాడికి పోద్దయ్యా, ఇదిగో ఈ కల్లం కాడికే. ఫోను చూసుకుంటా వచ్చావా? నిన్న కూడా ఓ కారాయన ఇట్టనే వచ్చాడు. నీకంటే పెద్ద కారు.” నవ్వి, ఏ ఊరో అడిగింది. చెప్పాను. ఎవరింటికో అడిగింది. చెప్పాను. నవ్వు ఆపింది.

“ఆయమ్మ తమ్ముడివా? మొన్న అరుగు మీద జారిందంటగా. చెయ్యి విరిగితే కట్టు కట్టించారంట. నీకు చెప్పలా?”

చెప్పలేదు. పొద్దున నాలుగుసార్లు మాట్లాడి ఒక్కసారీ చెప్పలేదు.

ఆ క్షణాన నాన్న నాకు కొత్తగా అర్థమయ్యారు. ఆయనకు దారులన్నీ తెలుసు. అడిగింది దారి కాదు. ఎవరింట్లో పెళ్ళి, ఎవరింట్లో జబ్బు, ఎవరి చేనుకు పురుగు పట్టింది, ఎవరు అప్పుకు భయపడి దాక్కున్నారు - దారి అడిగితే ఇవన్నీ వాటంతటవే చెబుతారు. “బాగున్నావా” అని అడిగితే మాత్రం లోకమంతా బాగానే ఉన్నానంటుంది. హెరాల్డ్ అంటే వార్తాహరుడని అర్థం. ఆ పేరు కారుకు కంపెనీ పెట్టింది గాని, ఆ పని చేసింది నాన్న.

అక్కయ్య నన్ను చూడగానే కట్టున్న చెయ్యి పమిట చాటుకు లాక్కుంది. తిట్టాను. ఆవిడా తిట్టింది. కాఫీ అయ్యాక రుమాలు విప్పి దూది చూపించాను. చాలాసేపు చూసింది. తరవాత, “ఆ చివర పట్టుకో” అంది. ఒంటిచేత్తో తను ఇటు లాగింది, నేను అటు పట్టుకున్నాను. పింజ చూడడం ఆవిడకు నాన్నే నేర్పారు. దూది సాగలేదు, బంకగా వేలికి అంటుకుని పుటుక్కున తెగింది.

“తెల్లదోమ ఏడుదిరా ఇది” అంది.

1987 సంగతి ఈ ప్రాంతంలో పెద్దవాళ్ళకు చెప్పనక్కరలేదు. తెల్లదోమ పత్తిచేలను కమ్మేసింది. దాని బంక ఆకు మీదా కాయ మీదా పడి, ఆ బంక మీద మసి పట్టి దూది నల్లబడింది. మందు మీద మందు కొట్టి అప్పులపాలైన రైతులు గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ఆ మందే తాగి ప్రాణాలు తీసుకున్నారు. ఆ ఏడే నాన్న కారు కొట్టంలో పెట్టి తాళం వేశారు. వ్యాపారం దెబ్బతిన్నదని మాత్రమే నాకు తెలుసు. అప్పుడు నేను ఉద్యోగరీత్యా దూరంగా ఉన్నాను.

“అడ్డదారి దగ్గర ఆగితే ఎవరో చెప్పారట, ఫలానా ఇంట్లో దీపం పెట్టలేదని. నాన్న వెళ్ళి ఆ నల్లపత్తే కొన్నారు. ఎందుకూ పనికిరాదని తెలిసే కొన్నారు. అలా ఎన్ని ఇళ్ళకు వెళ్ళారో నాకూ తెలీదు. నీకు చెప్పొద్దన్నారు” అంది అక్కయ్య.

మాట్లాడలేకపోయాను. మా ఇంట్లో మనుషులకు చెప్పకుండా ఉండడం వంశపారంపర్యం కాబోలు. ఆ రాత్రి గుంటూరు వచ్చాక మా ఆవిడకు లారీ సంగతి చెప్పేశాను. “తెలుసు” అంది.

ఇప్పుడు యాష్‌ట్రే మా ఇంట్లో అద్దాల బీరువాలో ఉంది, దూదితో సహా. దాని జాగాలో ఫోను ఉంది. 2020లో సవరించిన మోటారు వాహనాల నిబంధనల ప్రకారం బండి నడిపేవాడు ఫోనును దారి చూసుకోవడానికి మాత్రమే, అదీ ధ్యాస చెదరకుండా వాడుకోవచ్చు. అక్కయ్య ఫోను వస్తే ధ్యాస చెదరకుండా ఉండడం నావల్ల కాదు. కనుక మోగగానే కారు పక్కకు తీసి, చెట్టు కింద ఆపి, దిగి మాట్లాడతాను. పనిలో పనిగా అక్కడున్నవాళ్ళను “ఈ దారి ఎక్కడికి పోతుంది?” అని అడుగుతాను.

“ఎలాగూ ఆపేదానికి అంత కష్టపడి స్టాండు ఎందుకట?” అంది మా ఆవిడ.

ఎందుకేమిటి? ఫోను నా ఒళ్ళో లేకుండా ఉండడానికి!