గొళ్లెం కొనే చోటు

పార్వతీపురం బజారులో ఇనప సామాన్ల కొట్టు కనబడితే నా కాళ్లు ముందుకు సాగవు. గోనెసంచుల్లో మేకులు, గోడకు వేలాడే బందులు, పిడిలేని పారలు, వార్నిషు వాసన. మేకుల్ని ఇప్పటికీ కాటాలో తూచి, పాత పేపర్లో పొట్లం కట్టిస్తారు. ఒక్క గొళ్లెం అడిగినా విసుక్కోరు.

కొండ దిగివచ్చిన జాతాపు, సవర గిరిజన రైతులు జీడిపిక్కలు, చింతపండు అమ్మిన డబ్బుతో ఇక్కడే రేకులు బేరమాడతారు. "వానకి ఆగుతాదేటి బాబూ?" అన్నదే మొదటి ప్రశ్న. రోడ్డు లేని ఊరైతే ఆటో ఆగిన చోటి నుంచి ఆ రేకుల్ని భుజాల మీదే ఎక్కించాలి. ఇంటిమీద ఆశ ఎంత బరువైనా మోయిస్తుంది.

2023 నవంబరులో మొదలైన పీఎం జన్‌మన్ పథకం కొండసవరల వంటి తెగలకు పక్కా ఇళ్లు ఇస్తామంది. ఇల్లు ఎవరిచ్చినా తలుపు రంగు, కిటికీ గడియ మాత్రం ఇంటావిడే ఎంచుకోవాలి. ఆ ఎంపికలోనే అది తన ఇల్లవుతుంది.

ఫోనులో ఆర్డరు పెట్టేముందు విరిగిన పాత గడియ జేబులో వేసుకుని మీ ఊరి కొట్టుకి వెళ్లండి. సరిపడేది వాళ్లే వెతికి ఇస్తారు.