మౌంట్‌బాటన్ గులాబీ

యుద్ధనౌకకు గులాబీ రంగేమిటి అనకండి. మన చివరి వైస్రాయ్ మౌంట్‌బాటన్ 1940లో, నౌకాదళ అధికారిగా ఉన్నప్పుడు, తన డిస్ట్రాయర్లకు వేయించింది ఆ రంగే. బూడిద రంగులో కాస్త ఎరుపు కలిపి, సంధ్యవేళ ఓడ ఆనవాలు చిక్కకుండా.

ఆ ఓడల బొమ్మ మోడళ్లు చేసేవాళ్లకు ఆ ఛాయ పట్టుకోవడమే అసలు పని. పాత నలుపు తెలుపు ఫొటోలు చూసి తేల్చేయకండి. అవి ఆర్థోక్రొమాటిక్ ఫిల్ము మీద తీసినవైతే, ఎరుపు నల్లగా, నీలం తెల్లగా పడుతుంది. పైగా అసలు ఓడకు వేసిన రంగునే తెచ్చి పూసినా, 1/350 సైజులో ముదురుగా కొడుతుంది. నేనైతే రెండు చుక్కలు లేత బూడిద కలిపి, పనికిరాని ప్లాస్టిక్ ముక్క మీద పూసి, బాగా ఆరాక కిటికీ దగ్గర పట్టుకుని చూస్తాను. ట్యూబ్‌లైటు కింద మాత్రం ఖాయం చేయకండి, ఆ కాస్త ఎరుపూ అందులో చచ్చిపోతుంది.