ఎలిజబెత్ నిర్బంధశాల ముంగిట

న్యూజెర్సీ రాష్ట్రమున ఎలిజబెత్ పట్టణమునందు, నువార్క్ విమానాశ్రయమునకు చేరువగా, సరుకుల గిడ్డంగుల వరుసలో మరియొక గిడ్డంగివలె కనబడు భవనమొకటి కలదు. నిజమునకది పూర్వము గిడ్డంగియే. 1994 నుండి, ఈ దేశమున ఉండుటకు అనుమతి లేదని పట్టుబడినవారిని, ఆశ్రయము కోరి వచ్చినవారిని, సుమారు 300 మందిని ఉంచుటకు వలయు పడకలతో, ప్రభుత్వము పక్షమున ప్రైవేటు కంపెనీలు దానిని నడుపుచున్నవి.

ఎడిసన్‌లో కాపురమున్న మా మేనల్లుని వెంట నేనచ్చటికి పోయినది, యూదుల పంచాంగము ప్రకారము ఆబ్ మాసపు తొమ్మిదవ దినము ప్రవేశించు సాయంకాలము. క్రీ.పూ. 586లోను, క్రీ.శ. 70లోను యెరూషలేము దేవాలయము ధ్వంసమగుటను, 1492లో స్పెయిను తమ పూర్వులను వెళ్ళగొట్టుటను ఈ దినముతోనే ముడివెట్టి తలచుకొను యూదులు, నాడు ఉపవసించి, తోలు పాదరక్షలు విడిచి, కుశలప్రశ్నలు మాని, నేలపై కూర్చుందురు. ప్రార్థనామందిరములలో జరుగవలసిన ఆ శోకవిధిని, అచ్చట గూడిన యూదుల గుంపు కారాగారపు ఫుట్‌పాత్ మీదికి తెచ్చినది.

వాద్యమొక్కటియు లేదు. కాన్వాసు బూట్లు తొడిగిన వృద్ధురాలొకతె అట్టముక్క మీద చతికిలబడి, జిరాక్సు కాగితముపై సెల్‌ఫోను వెలుగు పట్టి, విలాపవాక్యముల గ్రంథము నారంభించెను. అందలి ఐదధ్యాయములలో నాలుగు హీబ్రూ అక్షరమాల వరుసను నడచును. వానిని చదువు స్వరము ముఖ్యముగా ఈ దినమునకే కేటాయింపబడినది. విమానము తలపై దూసికొనిపోవునపుడెల్ల ఆమె గానము మానక, కడపటి అక్షరమును పట్టుకొని, రొద తగ్గువరకు సాగదీసి, పిమ్మట తరువాతి పాదమునకు దిగుచుండెను. అనంతరము నిర్బంధములో మరణించినవారి పేర్లు చదివి, అందరును లేచి కడ్డిష్ చెప్పిరి. పదిమంది యూదులు కూడనిదే చెప్పగూడని ఆ అరామిక్ ప్రార్థన, మృతులకొరకు చెప్పునదే యైనను, మరణప్రసక్తియే లేక ప్రధానముగా దైవస్తుతియే.

పోలీసు కారొకటి వచ్చి నిలిచెను. “మామయ్యా, మనం వీసా మీద ఉన్నవాళ్ళం. కాస్త వెనక్కి జరుగుదాం” అని మేనల్లుడు నా మోచేయి లాగెను. జరిగితిమి. కాని అప్పుడే వారు నిగ్గున్ ఎత్తుకొనిరి. మన ఆలాపనవలె మాటలు లేని రాగమగుటచే కొత్తవానికిని అడ్డు లేదు. రెండవ ఆవృత్తికే మేనల్లుడు గొంతు కలిపెను. కడపట, రబ్బీ మెనాఖెం క్రెడిటర్ 2001లో, న్యూయార్కు జంటసౌధములు కూలిన పిమ్మట జన్మించిన తన కుమార్తెకై కూర్చిన ‘ఓలాం ఖెసెద్ యిబ్బానె’ పాడిరి. కీర్తనల గ్రంథము నుండి తీసిన ఆ చిన్న పాట నేడు అమెరికాలో యూదులు చేయు ఊరేగింపులలో తరచుగా వినబడును. నినాదములను కూడ వింటిని. అవి ఏ ఊరేగింపునకైన సరిపోవునవి. ఆ సాయంకాలమునకు బలమిచ్చినవి, ఏ ఊరేగింపును తలచి వ్రాయబడని ప్రార్థనలే.

పరదేశిని బాధింపరాదను ఆజ్ఞ, యూదుల మూలగ్రంథమగు తోరాలో 36 చోట్ల కలదని వారి శాస్త్రచర్చల గ్రంథమగు తాల్ముదున ఒక లెక్క, 46 అని మరియొక లెక్క. 2019 జూన్ 30న ఇదే భవనము ముంగిట దారికడ్డముగా నిలిచి అరెస్టయిన యూదులు కూడ 36 మందియే. ‘నెవర్ అగైన్ ఆక్షన్’ అను ఉద్యమము నాటితో మొదలైనది. ఆ పేరును, నాజీ శిబిరములతో పోలికను యూదులందరును మెచ్చరు. వాషింగ్టన్‌లోని హోలోకాస్టు మ్యూజియము ఆ నెలలోనే అట్టి పోలికలు తగవని ప్రకటించెను. ఆ అభ్యంతరము తేలికగా త్రోసివేయదగినది కాదని నా తలంపు. కాని ఫుట్‌పాత్ మీద నేను వినిన విలాపమునకు ఆ పోలికతో పనిలేదు.

మనవారికి దీనితో నేమి పని యందురేమో! 1924లో తూర్పు ఐరోపా యూదులకు తలుపులు దాదాపుగా మూసి, ఆసియావాసులలో అత్యధికులను నిషేధించిన కోటాల చట్టమును, అమెరికా కాంగ్రెసులో అడుగిడిన క్రొత్తలోనే ఎదిరించినవాడు బ్రూక్లిన్ యూదుడు ఇమాన్యుయెల్ సెల్లర్. ఆ చట్టము అమలులో నుండగనే, 1939లో 900 పైచిలుకు యూదశరణార్థులతో వచ్చిన సెయింట్ లూయిస్ నౌక వెనుకకు మరలింపబడెను. వారిలో 254 మంది తరువాత నాజీల మారణకాండలో మడిసిరి. భారతీయులకు పౌరసత్వపు హక్కును, ఏటికి నూరుమందికి ప్రవేశమును ఇచ్చిన 1946 నాటి చట్టమునను, ఆ కోటాలనే రద్దుచేసిన 1965 నాటి చట్టమునను సెల్లర్ పేరు కలదు. ఆ రెండవ చట్టము తెరచిన ద్వారముననే మన డాక్టర్లు, ఇంజనీర్లు వేలకొలది ఈ దేశము చేరిరి.

కావున న్యూజెర్సీలోని తెలుగువారలారా, వీసా భయము గలవారిని నేను పిలువను. పౌరసత్వము పొందినవారైనను ఏటికొక సాయంకాలము ఆ గిడ్డంగి ముంగిట నిలువుడు. హీబ్రూ రాకున్నను అడ్డులేదు. ఎడిసన్ నుండి కారులో అరగంట దారి మాత్రమే.